క్యాంపుకు సర్వేవాళ్లు వస్తే... సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

"యూనివర్సిటీ నుంచి వచ్చాం. పది నిమిషాలు మాట్లాడాలి. ఇక్కడొక సంతకం పెట్టండి." మీ క్యాంపుకో, రూముకో, పని చేసే చోటుకో వచ్చి ఇలా అడిగేవాళ్లు ఉంటారు. గల్ఫ్ ఎండ, కిడ్నీ జబ్బులు, ఏజెంట్లకు కట్టిన అప్పులు, ఆగిపోయిన జీతాలు, ఇంటి మీద బెంగ... ఇవన్నీ యూనివర్సిటీలు పరిశోధన చేసే విషయాలే. ఆ పరిశోధనలో చెప్పాల్సిన మాట మనది, కొలిచే ఒళ్లు మనది.

మనలో కొందరు భయపడి తలుపేసుకుంటారు. కొందరు "పెద్ద సారు అడిగాడు కదా" అని చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఈ రెండూ అవసరం లేదు. మనుషుల మీద చేసే పరిశోధనకు కచ్చితమైన నియమాలున్నాయి. అవి మన కోసం పెట్టినవే. వాటిని తెలుసుకుంటే ఎప్పుడు సరే అనాలో, ఎప్పుడు వద్దనాలో మీకే అర్థమవుతుంది.

ముందు వచ్చిందెవరో తేల్చుకోండి

కాగితాలు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ పరిశోధకులు కారు.

- అకామా లేదా వీసా రెన్యువల్ కోసం చేసే మెడికల్ పరిశోధన కాదు. అది ఆ దేశ చట్టం ప్రకారం జరిగేది, తప్పించుకోవడం కుదరదు.
- లేబర్ ఇన్‌స్పెక్టర్ అడిగేది ప్రభుత్వ తనిఖీ. ఆయన దగ్గర గుర్తింపు కార్డు ఉంటుంది.
- జర్నలిస్టు తీసుకునే ఇంటర్వ్యూకు యూనివర్సిటీ అనుమతి ఉండదు. పేరు వేయాలా, ఫోటో వేయాలా అన్నది మాట్లాడకముందే తేల్చుకోవాలి.
- యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, పరిశోధనా సంస్థ తరఫున వచ్చినవాళ్లు చేసేదే పరిశోధన. ఈ వ్యాసం వాళ్ల గురించే. పీహెచ్‌డీ చేసే విద్యార్థి అయినా, పెద్ద ప్రొఫెసర్ అయినా నియమం ఒకటే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. "ఇది పరిశోధన" అంటూనే "తప్పనిసరిగా చేయాలి" అని ఎవరైనా చెబితే, ఆ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం. పరిశోధనలో చేరడం ఎప్పుడూ మన ఇష్టం మీదే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ఓటీపీ, ఏటీఎం పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ అడిగేవాళ్లు, ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్తామనేవాళ్లు పరిశోధకులు కారు. వాళ్లకు సంతకం కాదు కదా, ఫోన్ నంబరు కూడా ఇవ్వొద్దు.

ఎథిక్స్ కమిటీ అంటే ఏంటి?

పరిశోధకుడు మీ దగ్గరికి రాకముందే ఒక కమిటీ దగ్గరికి వెళ్లాలి. దాన్ని మన దేశంలో ఎథిక్స్ కమిటీ అంటారు. అమెరికాలో ఐఆర్‌బీ అంటారు. గల్ఫ్ యూనివర్సిటీల్లో రెండు పేర్లూ వినిపిస్తాయి. పని ఒకటే: ఈ పరిశోధన వల్ల అందులో పాల్గొనే మనుషులకు హాని జరుగుతుందా లేదా అని ముందే చూడటం.

కమిటీలో అందరూ ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్లే ఉంటే ఒకరి తప్పు ఒకరు కప్పుకోవచ్చు. అందుకే బయటివాళ్లు కూడా ఉండాలన్నది నియమం. అమెరికాలో కమిటీకి కనీసం 5 మంది సభ్యులుండాలి. వాళ్లలో ఒకరు శాస్త్ర రంగానికి సంబంధం లేనివాళ్లు, ఒకరు ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు అయ్యుండాలి. మన దేశంలో మందుల ట్రయల్స్ చూసే కమిటీలో కనీసం 7 మంది ఉండాలి. అందులో చట్టం తెలిసినవాళ్లు, కనీసం ఒక మహిళ, డాక్టరూ శాస్త్రవేత్తా కాని ఒక మామూలు మనిషి తప్పక ఉండాలి.

పరిశోధకుడు ఈ కమిటీకి ఏమేం ఇవ్వాలో చూడండి. మిమ్మల్ని అడగబోయే ప్రశ్నల జాబితా, మీతో సంతకం పెట్టించే కాగితం, అది మీ భాషలో ఉందని రుజువు, మిమ్మల్ని ఎలా ఎంచుకుంటారు, మీ వివరాలు ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఏదైనా హాని జరిగితే ఏం చేస్తారు... ఇవన్నీ రాసివ్వాలి. పేర్లు అడగని చిన్న ప్రశ్నాపత్రం అయితే పరిశీలన తేలిగ్గా అయిపోతుంది. రక్తం తీయడం, మందు ఇవ్వడం, భయపడే పరిస్థితిలో ఉన్నవాళ్లను ప్రశ్నించడం లాంటివి ఉంటే కమిటీ మొత్తం కూర్చుని చర్చించాలి. కమిటీ "సరే" అనొచ్చు, "ఇది మార్చుకుని రండి" అనొచ్చు, "కుదరదు" అని కూడా అనొచ్చు.

ఇక్కడ రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాలి. "అప్లై చేశాం, వస్తుంది" అంటే అనుమతి లేనట్టే. రెండు, తర్వాత ప్రశ్నలు మార్చినా, కొత్తగా రక్త పరీక్ష కలిపినా మళ్లీ కమిటీ దగ్గరికి వెళ్లాలి.

లండన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన పరిశోధకుడికి అక్కడి యూనివర్సిటీ అనుమతి ఉండాలి. చాలా సందర్భాల్లో మీరు పని చేసే దేశంలో కూడా తీసుకోవాలి. సౌదీలో మనుషుల మీద పరిశోధనకు 2010 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, దాన్ని చూసుకోవడానికి జాతీయ బయో ఎథిక్స్ కమిటీ ఉంది. యూఏఈలో అబుదాబి, దుబాయ్ ఆరోగ్య శాఖలకు, ఖతార్‌లో ప్రజారోగ్య మంత్రిత్వ శాఖకు ఆరోగ్య పరిశోధనల మీద అజమాయిషీ ఉంది.

ఈ కమిటీలు ఎందుకొచ్చాయి?

ఊరికే రాలేదు. మోసపోయిన మనుషుల వల్ల వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ డాక్టర్లు ఖైదీల మీద ఘోరమైన ప్రయోగాలు చేశారు. యుద్ధం అయ్యాక జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో వాళ్ల మీద విచారణ జరిగింది. 1947లో తీర్పు ఇస్తూ కోర్టు 10 నియమాలు చెప్పింది. అందులో మొదటిది: మనిషి తనకు తానుగా ఒప్పుకుంటేనే ప్రయోగం చేయాలి. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన పేరుతో డాక్టర్లందరికీ నియమాలు పెట్టింది. దాన్ని చివరగా 2024లో సవరించారు.

అమెరికాలో అలబామా రాష్ట్రం టస్కెగీలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. 1932లో సుమారు 600 మంది పేద నల్లజాతి మగవాళ్లను ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఒక పరిశోధనలో చేర్చింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ జబ్బు ఉంది. ఆ సంగతి వాళ్లకు సరిగ్గా చెప్పలేదు, "మీ రక్తం చెడింది" అన్నారు. 1947 కల్లా పెన్సిలిన్‌తో ఆ జబ్బు నయమవుతుందని తేలిపోయినా, వాళ్లకు మాత్రం ఇవ్వలేదు. జబ్బు ముదిరితే ఏమవుతుందో చూడటానికి 40 ఏళ్లు అలాగే వదిలేశారు. 1972లో పత్రికల్లో వచ్చాకే ఆపారు. ఆ తర్వాతే అక్కడ 1974లో చట్టం, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చాయి. మనిషిని గౌరవించాలి, మేలు చేయాలి కానీ కీడు చేయకూడదు, భారం పేదల మీద వేసి లాభం పెద్దలకు ఇవ్వకూడదు అన్న మూడు సూత్రాలు ఆ నివేదికలోవే.

అంత దూరం ఎందుకు, మన ఖమ్మం జిల్లానే చూద్దాం. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకునే పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం ఎన్నో చోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అదే టీకాను ప్రపంచమంతా వాడుతున్నారు కూడా. కానీ సమ్మతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది.

అక్కడ తండ్రి బదులు వార్డెన్ సంతకం పెట్టాడు. మన క్యాంపులో మీ బదులు ఫోర్మన్ సంతకం పెడితే అదీ అలాంటిదే.

సంతకం పెట్టే కాగితంలో ఏముండాలి?

దీన్ని సమ్మతి పత్రం అంటారు. దీనితో పాటు విషయం వివరించే సమాచార పత్రం ఇస్తారు. అందులో ఇవన్నీ ఉండాలి:

1. పరిశోధన చేసేది ఎవరు, ఏ యూనివర్సిటీ, డబ్బు ఎవరిస్తున్నారు.
2. దేని గురించి, మీతో ఏం చేయిస్తారు, ఎంత సేపు, ఎన్నిసార్లు.
3. మీకు వచ్చే ఇబ్బంది ఏంటి, మేలు ఏంటి. మేలు ఏమీ లేకపోతే లేదని రాయాలి.
4. మీ పేరు, వివరాలు ఎలా దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు.
5. చేరకపోయినా, మధ్యలో మానేసినా మీకు ఏ నష్టమూ ఉండదన్న మాట.
6. పరిశోధకుడి ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీ ఫోన్ లేదా ఈమెయిల్, అనుమతి నంబరు, తేదీ.

కాగితం ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటే "తెలుగులో ఇవ్వండి" అని అడగండి. లేకపోతే కనీసం మీకు బాగా వచ్చిన భాషలో చదివి చెప్పాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. అప్పుడు పరిశోధకుడితో గానీ కంపెనీతో గానీ సంబంధం లేని ఒక సాక్షి పక్కనుండాలి. మీరు నమ్మే రూమ్మేటునే సాక్షిగా పెట్టుకోవచ్చు. సంతకం అయ్యాక ఒక కాపీ మీకివ్వాలి. ఇవ్వకపోతే ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

అప్పటికప్పుడు చెప్పాల్సిన పని లేదు. రేపు చెప్తానని, ఇంటికి ఫోన్ చేసి అడిగి చెప్తానని అనొచ్చు. కొన్నిసార్లు కాగితం లేకుండా నోటిమాటతో సమ్మతి తీసుకుంటారు. పేరు రాస్తే మీకే ప్రమాదం అనుకున్నప్పుడు కమిటీయే దీనికి ఒప్పుకుంటుంది. కాబట్టి సంతకం అడగలేదని అనుమానపడొద్దు. వివరాలన్నీ చెప్పారా లేదా అన్నది చూడండి.

కంపెనీ మధ్యలో ఉంటే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్యాంపు లోపలికి రావాలంటే కంపెనీ పర్మిషన్ కావాలి. అది గేటు దాటడానికి మాత్రమే. మీ తరఫున ఒప్పుకునే హక్కు కంపెనీకి గానీ, కఫీల్‌కు గానీ, క్యాంపు బాస్‌కు గానీ లేదు.

పై అధికారి అడిగితే కాదనలేని స్థితిలో ఉన్న ఉద్యోగులను, వలస వచ్చినవాళ్లను ప్రత్యేకంగా కాపాడాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి మీరు ఇవి అడగొచ్చు:

- ఫోర్మన్, సూపర్‌వైజర్ ఎదురుగా కాకుండా విడిగా మాట్లాడదామని.
- ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అన్న జాబితా కంపెనీకి వెళ్తుందా అని.
- నా జవాబులు, నా టెస్ట్ రిపోర్టు కంపెనీ చూస్తుందా అని.
- పని టైములో చేస్తే ఆ గంటల జీతం కట్ అవుతుందా అని.

ఇళ్లల్లో పని చేసే అక్కచెల్లెళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మేడమ్ ఇంట్లో ఉండగా ఫోన్‌లో జీతం గురించి, కష్టం గురించి మాట్లాడొద్దు. మీకు వీలైన టైము మీరే చెప్పండి. మంచి పరిశోధకులు దానికి తప్పకుండా ఒప్పుకుంటారు.

పేరు, ఫోటో, ఫోన్ రికార్డింగు

చాలా పరిశోధనల్లో మీ పేరు బదులు ఒక నంబరు వేస్తారు. పేరు, నంబరు కలిపి రాసిన జాబితా వేరేగా తాళం వేసి ఉంచాలి. మాట రికార్డు చేయడానికి, ఫోటో తీయడానికి విడిగా అడగాలి. మాట్లాడటానికి ఒప్పుకున్నంత మాత్రాన ఫోటోకు ఒప్పుకున్నట్టు కాదు.

అయితే గుట్టుగా ఉంచుతామన్న మాటకు హద్దులున్నాయి. పది మందిని కూర్చోబెట్టి మాట్లాడించే గ్రూపు చర్చలో మీరన్న మాట మిగతా తొమ్మిది మందీ వింటారు. అక్కడ కంపెనీ మీద ఫిర్యాదులు చెప్పేముందు ఆలోచించుకోండి. వీసా అయిపోయి ఉంటున్నవాళ్లు, మన మాటలో ఖల్లివల్లి అయినవాళ్లు, అకామా నంబరు, పని చోటు, రూము అడ్రసు చెప్పాల్సిన పని లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనంటే చాలు. ఏ ప్రశ్ననైనా వదిలేసే హక్కు మీకుంది.

మధ్యలో మానేయాలనిపిస్తే కారణం చెప్పక్కర్లేదు. మీ వివరాలు తీసేయమని అడగొచ్చు. కానీ పేర్లు తీసేసి అందరి లెక్కలూ కలిపేశాక మీది వెతికి తీయడం కుదరదు. అందుకే "ఎప్పటి వరకు వెనక్కి తీసుకోవచ్చు?" అని ముందే అడగండి.

రక్తం, మూత్రం, మందులు

ప్రశ్నలకు జవాబు చెప్పడం వేరు, ఒంట్లోంచి ఏదైనా ఇవ్వడం వేరు. రక్తం ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. ఏమేం టెస్టులు చేస్తారు? రిపోర్టు నాకిస్తారా? మిగిలిన రక్తాన్ని దాచి తర్వాత వేరే పరిశోధనకు వాడతారా?

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు నాలుగోది కూడా అడగాలి. "ఏదైనా జబ్బు బయటపడితే ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం ఉందా?" హెచ్‌ఐవీ, టీబీ లాంటివి ఉంటే చాలా గల్ఫ్ దేశాల్లో వీసా రాదు, ఉన్నవాళ్లను పంపించేసే పరిస్థితీ ఉంది. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని వాళ్లకు రక్తం ఇవ్వొద్దు.

కొత్త మందు, కొత్త టీకా పరీక్షించే క్లినికల్ ట్రయల్ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. మన దేశంలో ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మీరున్న దేశంలో ఈ లెక్క వేరుగా ఉంటుంది. కాబట్టి "నాకేమైనా అయితే ఖర్చెవరిది?" అన్న జవాబు కాగితం మీద ఉండేలా చూసుకోండి.

డబ్బుల విషయం. రానుపోను ఛార్జీలు, పోయిన పని గంటలకు కొంత డబ్బు, ఫోన్ రీఛార్జి కార్డు ఇవ్వడం తప్పు కాదు. అప్పుల్లో ఉన్న మనిషి ప్రమాదాన్ని కూడా లెక్కచేయకుండా ఒప్పుకునేంత పెద్ద మొత్తం చూపించడం తప్పు. మనం డబ్బు కట్టి పరిశోధనలో చేరమంటే అది మోసమే.

ఊళ్లో ఇంటికి వస్తే

గల్ఫ్ కుటుంబాల మీద కూడా పరిశోధనలు జరుగుతాయి. ఇంటాయన దూరంగా ఉంటే పిల్లల చదువు ఎలా ఉంది, అప్పు ఎంత, చనిపోయినవాళ్ల కుటుంబానికి ఏం అందింది అని అడుగుతారు. పెద్ద వయసు ఆడవాళ్ల సమ్మతి వాళ్లదే, భర్తో మామో ఒప్పుకుంటే సరిపోదు. 18 ఏళ్ల లోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలి. మన దేశ మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు దాటిన పిల్లల్ని కూడా "నీకు ఇష్టమేనా?" అని అడగాలి.

పోయినవాళ్ల గురించి మాట్లాడుతుంటే దుఃఖం ఆగకపోతే ఆపేయండి. ఇంటర్వ్యూ పూర్తి చేయాల్సిన బాధ్యత మీది కాదు. ఒక విషయం ముందే తెలుసుకోండి: పరిశోధకుడు పరిహారం ఇప్పించలేడు, శవాన్ని తెప్పించలేడు. అలా ఆశ చూపిస్తే అది నియమానికి విరుద్ధం.

హిందీలో ఇలా అడగండి

పరిశోధకులతో చాలాసార్లు హిందీలోనే మాట్లాడాల్సి వస్తుంది. ఈ నాలుగు మాటలు నేర్చుకోండి.

- ఎథిక్స్ కమిటీ అనుమతి లెటరు చూపించండి: "ఎథిక్స్ అప్రూవల్ కా లెటర్ దిఖాయియే."
- నాకు ఆలోచించుకోవడానికి టైము కావాలి: "ముఝే సోచ్‌నే కా టైమ్ చాహియే."
- ఈ జవాబు కంపెనీకి వెళ్తుందా: "క్యా యే జవాబ్ కంపెనీ కో మిలేగా?"
- నాకిష్టం లేదు, వద్దు: "మేరీ మర్జీ నహీ హై, రహ్‌నే దీజియే."

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

ముందు కాగితం మీదున్న ఎథిక్స్ కమిటీకి ఫోన్ చేయండి, లేదా ఈమెయిల్ పెట్టండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, మీ పేరు దాచమని కోరండి. అనుమతి నంబరు, తేదీ, వచ్చినవాళ్ల పేర్లు, జరిగింది నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. పరిశోధనను ఆపే అధికారం ఆ కమిటీకి ఉంది. కాగితమే లేకపోతే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పరిశోధన విభాగం ఈమెయిల్ వెతకమని చదువుకున్న స్నేహితుణ్ని అడగండి.

మాట్లాడినందుకు కంపెనీ జీతం ఆపినా, పని నుంచి తీసేస్తానని బెదిరించినా అది లేబర్ కేసు. ఎథిక్స్ కమిటీ మీ జీతం ఇప్పించలేదు. మీరున్న దేశపు లేబర్ ఆఫీసుకు, భారత ఎంబసీకి చెప్పండి, మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

అయినా ఎందుకు చేరాలి?

ఇన్ని జాగ్రత్తలు చెప్పామని అందరినీ వెనక్కి పంపేయొద్దు. 2019 వేసవిలో గ్రీస్‌లోని థెస్సలీ యూనివర్సిటీ పరిశోధకులు అంతర్జాతీయ కార్మిక సంస్థతో, ఖతార్ ప్రభుత్వంతో కలిసి అక్కడి ఎండలో పని చేసే కార్మికుల ఒంటి మీద వేడి ప్రభావాన్ని కొలిచారు. ఆ ఫలితాల ఆధారంగా 2021లో ఖతార్ నిబంధన మార్చింది. అంతకుముందు జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు పదకొండున్నర నుంచి మూడింటి వరకే బయటి పని నిషేధం ఉండేది. ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా నిషేధం. ఎండ, ఉక్క కలిపి లెక్కగట్టే కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాల్సిందే.

ఆ కొలతలకు ఒప్పుకున్నది మనలాంటి కార్మికులే. వాళ్లు వద్దనుంటే ఈ మార్పుకు ఆధారం ఉండేది కాదు. కాబట్టి అనుమతి లెటరు చూడండి, కాగితం చదివించుకోండి, అడగాల్సింది అడగండి. మనసుకు నచ్చితే చేరండి, నచ్చకపోతే వద్దనండి. చేరితే మీకిచ్చిన కాపీని అకామా కాపీతో పాటు భద్రంగా పెట్టుకోండి.